తోక లేని మ్యూ

ఉదయం తొమ్మిదిన్నరకు ఎదురు షాపు బైండింగామె మా టైపింగ్ షాపు మెట్లెక్కింది. తొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి.

చేతిలో ఒక కాగితం ఉంది. వేళ్ళకు జిగురు అంటుకుని ఉంది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"గుర్రపునాడాలన్నీ ఏమైపోయాయి?" అంది.

ఆమెతో మాట్లాడే అలవాటు పోయింది.

"ఎనభై ఏడో పేజీ. ఇరవై డబ్ల్యూ, ముప్పై డబ్ల్యూ అని పడింది. అక్కడ గుర్రపునాడా ఉండాలి కదా. గుడారాలూ లేవు, తోకలూ లేవు. జిగురు కలిపాను గానీ ఇంకా పూయలేదు. చూసుకోండి."

కాగితం బల్ల మీద పెట్టి, ఎగరకుండా నా కళ్ళజోడు పెట్టె దాని మీద పెట్టింది.

గుర్రపునాడా, గుడారం, తోక. అది మా ఆవిడ భాష. మా ఇద్దరికీ లెక్కలు రావు. నేను ఊరి బళ్ళో ఎనిమిది దాకా చదివాను, ఆమె ఐదు. అయినా ముప్పై ఏళ్ళు ఈ ఒక్క గదిలో కాలేజీ వాళ్ళ లెక్కలూ ఫిజిక్సూ టైపు కొట్టి బతికాం. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని చేతిరాత కాగితం పైకి చదివేది, నేను తెర మీద సరిచూసుకునేవాణ్ణి. గుర్తుల పేర్లు తెలియవు కాబట్టి పేర్లు పెట్టింది. ఒమేగా గుర్రపునాడా. డెల్టా గుడారం. తీటా నడుం కట్టిన సున్న. లాంబ్డా కాళ్ళు చాపినది. మ్యూ తోక ఉన్నది. అంకె పైన చిన్నదిగా వస్తే మేడమీద, కింద వస్తే నేలమాళిగలో. "ఎక్స్, మేడమీద రెండు, నేలమాళిగలో ఐ" అని ఆమె చదువుతుంటే కాలేజీ మేష్టార్లు నవ్వేవారు. నవ్వినవాళ్ళ కాగితాల్లో తప్పులుండేవి, మా కాగితాల్లో ఉండేవి కావు.

ఆమె పోయి రెండేళ్ళు. మూడు వారాల జ్వరాన్ని మామూలు జ్వరమన్న డాక్టరు ఇప్పటికీ మా వీధి చివర బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఆ వైపు నడవను.

కాగితం చూశాను. ఇరవై డబ్ల్యూ. పై వరుసలో, పూత మందం నాలుగు ఎమ్ ఎమ్. నాకు ఫిజిక్సు రాకపోయినా ఎమ్ ఎమ్ అంటే మిల్లీమీటరని తెలుసు. గాజు మీద లోహాన్ని వెంట్రుక కన్నా పలచగా పూసి దాని సంగతులు కొలిచింది మా అమ్మాయి. నేను దాన్ని రొట్టెముక్కంత మందం చేశాను.

అది మా అమ్మాయి థీసిస్. ఆరేళ్ళ పని. ఐదు ప్రతులు బైండు చేయించి ఈ రోజు నాలుగు గంటల్లోపు యూనివర్సిటీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ రసీదు చూపిస్తేనే సోమవారం వేరే ఊళ్ళో లెక్చరర్ ఉద్యోగంలో చేర్చుకుంటారు. లేకపోతే జాబితాలో తర్వాత ఉన్నవాణ్ణి పిలుస్తారు. తర్వాత ఉన్నవాడు రోజూ ఫోన్ చేసి వాకబు చేస్తున్నాడట.

అమ్మాయి దీన్ని నాకు ఇవ్వనంది. "నేనే చేసుకుంటాను నాన్నా. వేరే సాఫ్ట్‌వేర్ ఉంది, ఫార్ములాలు దానంతటదే సర్దుకుంటుంది" అంది. "ఊళ్ళోవాళ్ళందరి థీసిస్‌లు కొట్టిన చేతులు సొంత కూతురికి పనికిరాలేదా" అన్నాను. ఇచ్చేసింది. తల్లి పోయాక అది నాతో వాదించడం మానేసింది.

నిన్న సాయంత్రం ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే ఫాంటు ఉండాలి, రెండో ఫాంటు కనబడితే తిరిగి పంపిస్తాం అన్నాడు. నేను థీసిస్ మొత్తం ఒక్కసారే ఎంచుకుని ఫాంటు మార్చాను. సేవ్ చేశాను. రెండు వందల పన్నెండు పేజీలు, ఐదు ప్రతులు ప్రింటు తీసి, పొద్దున్నే ఎదురు షాపులో ఇచ్చి వచ్చాను. బైండింగామెకు కాదు, ఆమె మొగుడికి.

మ్యూ నేను ఎలా చేస్తానంటే, ఎమ్ కొడతాను, ఆ ఒక్క అక్షరాన్ని ఎంచుకుని గుర్తుల ఫాంటులోకి మారుస్తాను. దానికి తోక వస్తుంది. చూసేవాళ్ళకు మ్యూ, మెషీనుకు మాత్రం అది ఎమ్మే. వేషం కట్టిన ఎమ్. ఒమేగా కూడా అంతే, లోపల డబ్ల్యూ. నిన్న నేను ఒక్క దెబ్బకు అందరి వేషాలూ ఊడబెరికాను.

"పాత ఫైలు ఉందా?" అంది గుమ్మంలోంచి.

లేదు. మా ఆవిడ ఏ మార్పు చేసే ముందైనా తేదీ వేసి ఇంకో కాపీ పెట్టించేది. అది చాదస్తమని నేను మానేశాను.

"చిత్తు ప్రింటు?"

అది ఉంది. పోయిన వారం తీసిందే, అమ్మాయి ఎర్ర పెన్నుతో దిద్దింది. అందులో తోకలన్నీ ఉన్నాయి.

"జిగురు ఆరడానికి రెండు గంటలు. ఆఫీసుకు వెళ్ళడానికి అరగంట. అంటే ఒంటిగంటన్నరకు కాగితాలు నా చేతిలో ఉండాలి" అంది. "మా ఆయన మంచి పేజీలూ చెడ్డ పేజీలూ వేరు చేస్తాడు. మీరు ఒక్కరే చూసుకుంటూ దిద్దుకుంటూ పోతే రేపటికి కూడా కాదు."

నాకు తెలుసు.

"నేను వచ్చింది మీ కోసం కాదు" అంటూ చెప్పులు విప్పింది.

ఆమెకు మా ఆవిడ పెట్టిన పేరు పిచ్చుక. వేళ్ళు అలా ఆడేవి కీబోర్డు మీద. నాలుగేళ్ళు మా దగ్గర టైపు చేసింది. మా ఆవిడను అక్కా అనేది, నన్ను బావగారూ అని ఆటపట్టించేది. ఒక కాలేజీ ఫిజిక్సు ప్రశ్నపత్రంలో తోకలు పోయాయి. మైక్రోలన్నీ మిల్లీలయ్యాయి. రెండు వందల మంది రాసిన పరీక్ష మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. నేను ఆమెను నలుగురు కస్టమర్ల ముందు నిలబెట్టి, "కళ్ళు ఎక్కడ పెట్టుకుని కొట్టావ్" అన్నాను. "నేను తోకలు పెట్టాను బావగారూ" అంది. "నీ తోకలు నువ్వే మింగావా" అన్నాను. కస్టమర్లు నవ్వారు. ఆ మధ్యాహ్నమే పంపించేశాను. తర్వాత ఆమె ఎదురుగా బైండింగ్ చేసేవాణ్ణి పెళ్ళాడింది. ఇంత ఊళ్ళో ఆమెకు అదొక్కటే సంబంధం దొరికిందా అనుకున్నాను.

నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. ఆమె ముక్కాలిపీట వైపు చూసింది, దాని మీద కూర్చోలేదు.

"లేవండి" అంది. "మీరు చదవండి, నేను కొడతాను."

ముప్పై ఏళ్ళలో నేను ఎప్పుడూ చదవలేదు. పీట మీద కూర్చుని చిత్తుప్రతి ఒళ్ళో పెట్టుకున్నాను. గొంతు సరిచేసుకున్నాను.

"ముప్పై ఒకటో పేజీ" అన్నాను. "మూడో వరుస. నాలుగు మ్యూ ఎమ్."

"మ్యూ కాదు. అలా చదివితే నా వేళ్ళు ఆగిపోతాయి. అక్కలా చదవండి."

"నాలుగు. తోకది. ఎమ్."

"ఆఁ."

ఆమె నాలా ఫాంటు మార్చలేదు. తెర పై వరుసలో ఇన్సర్టులోకి వెళ్ళింది, చిన్న చిన్న గళ్ళ పట్టిక తెరిచింది. అందులో మ్యూ ఉంది, ఒమేగా ఉంది, గుడారం ఉంది. అన్నీ థీసిస్ ఉన్న ఫాంటులోనే ఉన్నాయి.

"ఇందులోనే ఉంటాయి. గుమాస్తా కాదు కదా, వాడి తాత వచ్చినా ఒకే ఫాంటు చూపిస్తుంది" అంది. "ఎప్పుడూ తెరిచి చూడలేదా?"

"అవసరం రాలేదు."

"రాలేదు" అంది, నా మాటే నాకు అప్పజెప్పినట్టు.

పది గంటలకు పద్దెనిమిది పేజీలయ్యాయి. దిద్దాల్సినవి తొంభై ఏడు. డబ్ల్యూలన్నిటినీ ఒక్కసారే ఒమేగాగా మార్చేద్దామన్నాను. ఆమె చెయ్యి తీయకుండానే, "డబ్ల్యూల్లో వాట్లు కూడా ఉంటాయి. మళ్ళీ ఒక్క దెబ్బకేనా?" అంది. తర్వాతి వరుస చదివాను.

"పి, నేలమాళిగలో సున్న. సమానం. గుడారం, టి. కాళ్ళు చాపినది, మేడమీద మైనస్ రెండు."

"మైనస్ ఉందా, గీతా?"

"చిన్నది."

"అది ఉత్త గీత. మైనస్ ఇంకా పొడవుంటుంది, అదే పెడుతున్నాను."

పదకొండుకు అమ్మాయి ఫోన్ చేసింది. లాబ్‌లో తాళాలు అప్పగించి, అందరి సంతకాలూ తీసుకుంటోంది.

"బైండింగ్ అయిందా నాన్నా?"

"అవుతోంది."

"గొంతేంటి అలా ఉంది?"

"చదువుతున్నాను."

"ఏం చదువుతున్నావు?"

"పని ఉంది" అని పెట్టేశాను.

బైండింగామె తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "అబద్ధం కాదులెండి. నిజం కూడా కాదు."

నాలుగో అధ్యాయంలో కరెంటు కొలతలు వచ్చాయి. "ఇరవై ఐదు తోకది ఏ, ముప్పై తోకది ఏ, ముప్పై ఐదు తోకది ఏ" అని చదువుతున్నాను. ఆమె ఒక్కొక్కటే పెడుతోంది. తోకలు నిలబడుతున్నాయి. అప్పుడు నా నోరు ఆగిపోయింది.

ఆ ప్రశ్నపత్రం. తొమ్మిదేళ్ళ కిందటిది. ఆమె కొట్టేసి ఇంటికి వెళ్ళిపోయాక కాలేజీ ప్రిన్సిపాల్ మనిషిని పంపాడు. అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి, పిల్లలకు ఆనవు, వేరే ఫాంటులో పెద్దగా చేసి ఇమ్మన్నాడు. అప్పుడూ నేను మొత్తం ఎంచుకుని ఒక్క దెబ్బకు మార్చాను. మా ఆవిడ లోపల పొయ్యి దగ్గర ఉంది. మళ్ళీ చదివించుకోలేదు. రెండు పేజీలే కదా అనుకున్నాను.

"ఊఁ?" అంది ఆమె.

"ముప్పై ఐదు" అన్నాను. "తోకది. ఏ."

"ముప్పై ఐదు అయిపోయింది. నలభై చెప్పండి."

నలభై చెప్పాను. చెమట కాగితం మీద పడితే ఎర్ర సిరా కరిగింది. చొక్కా అంచుతో అద్దాను. ఆ రోజు తోకలు పోగొట్టింది నేనేనని ఇప్పుడు అంటే ఆమె లేచి వెళ్ళిపోతుందేమోనన్న భయం. లేచి వెళ్ళినా తప్పు పట్టలేను. అందుకని అనలేదు. పన్నెండున్నరకు తొంభై ఐదు పేజీలయ్యాయి.

మిగిలినవి రెండు. చివరి అనుబంధం, ఒకే పట్టిక. చిత్తుప్రతిలో అవి లేవు. మొన్న అమ్మాయి చేతిరాత కాగితం తెచ్చి ఇస్తే కొట్టాను. కొట్టి ఆ కాగితం చించి చెత్తబుట్టలో వేశాను. చెత్త నిన్ననే తీసుకుపోయారు. మా ఆవిడ ఉన్న రోజుల్లో, డిగ్రీ చేతికొచ్చిందని వాళ్ళు వచ్చి చెప్పేదాకా ఈ గదిలో కాగితం చిరిగేది కాదు.

పట్టికలో ముప్పై రెండు ఎమ్‌లున్నాయి. కొన్నిటికి తోక ఉండాలి, కొన్నిటికి ఉండకూడదు.

"ఊహించి పెట్టెయ్" అన్నాను.

ఆమె కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను ఊహించను. ఊహించి పెట్టిందని మళ్ళీ నా పేరే రాస్తారు."

గోడ గడియారం పన్నెండూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది. అమ్మాయికి ఫోన్ చేశాను. అది ఎత్తకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. ఎత్తింది.

"నాన్నా, అయిపోయిందా?"

"లేదు. తప్పు చేశాను."

అటువైపు వెనక ఎవరో బీరువా తలుపు వేశారు.

"గుమాస్తా ఒకే ఫాంటు అన్నాడని మొత్తం మార్చాను. గుర్తులన్నీ పోయాయి. తొంభై ఐదు పేజీలు దిద్దాం. చివరి పట్టిక కాగితం నా దగ్గర లేదు. నేనే చించేశాను. ఏ ఎమ్‌కి తోకో నువ్వు చెప్పాలి."

"ఎప్పుడు తెలిసింది?"

"తొమ్మిదిన్నరకు."

"పదకొండుకు నేను ఫోన్ చేశాను కదా."

"చేశావు."

ఊపిరి వినబడింది. ఏడుపో కోపమో తెలియలేదు. రెండిటికీ దానికి హక్కుంది. తర్వాత సంచీ జిప్పు తీసిన చప్పుడు, నోట్‌బుక్కు పేజీలు తిప్పిన చప్పుడు.

"దిద్దాం అన్నావు. పక్కన ఎవరున్నారు?"

నేను చెప్పేలోపు ఆమె వంగి, "నేనే అమ్మలూ" అంది.

"పిన్నీ? నువ్వెలా... సరేలే. చదువుతాను, రాసుకో. మొదటి వరుస. తోకది, తోకది, తోకది, లేనిది. రెండో వరుస. తోకది, తోకది, లేనిది, లేనిది."

చిన్నప్పుడు ఈ పీట కింద కూర్చుని బొమ్మలు వేసుకుంటూ విన్న భాష. ఫిజిక్సులో డాక్టరేటు చేస్తున్న పిల్ల, గుక్క తిప్పుకోకుండా ఎనిమిది వరుసలు అదే భాషలో చదివింది. పిన్నీ అని పిలవడం అది మానలేదని నాకు అప్పుడే తెలిసింది.

"అయిందా పిన్నీ?"

"అయింది. మూడో వరుస నాలుగోది ఇంకోసారి చెప్పు."

"లేనిది."

"సరే."

"నాన్నా" అంది అమ్మాయి. "నిన్న ఫాంటు మార్చే ముందు ఒక్క ఫోన్ చేసుంటే చెప్పేదాన్ని." అంతే అంది. పెట్టేసింది.

ఒంటిగంటకు ప్రింటరు మొదలైంది. తొంభై ఏడు పేజీలు, ఐదేసి ప్రతులు. మూడు వందల కాగితాలయ్యాక సిరా పలచబడింది. ఆమె డబ్బా బయటికి లాగి, పసిబిడ్డ వీపు తట్టినట్టు తట్టి మళ్ళీ పెట్టింది. నల్లగా వచ్చింది. ఒంటిగంటా నలభైకి చివరి కాగితం పడింది. పది నిమిషాలు ఆలస్యం. ఆమె కట్ట ఎత్తుకుని వీధి దాటింది. నేను వెనకాలే వెళ్ళి ఆ షాపు బయట నిలబడ్డాను. ఆమె మొగుడు స్టూలు ఇచ్చాడు. కూర్చోలేదు.

జిగురు ఆరేదాకా చూడటం కన్నా పెద్ద శిక్ష లేదు. మూడూ పావుకు అమ్మాయి వచ్చింది. నా వైపు చూసి తల ఊపింది, పలకరించలేదు. లోపలికి వెళ్ళి పిన్ని పక్కన నిలబడి, ఫ్యాను గాలికి ప్రతులు తిప్పి పెట్టింది. మూడూ ఇరవైకి బిగింపు చట్రంలోంచి తీసి సంచీలో పెట్టారు. అట్టలు ఇంకా కొంచెం చెమ్మగా ఉన్నాయి. "ఎవడైనా గట్టిగా విప్పితే విడిపోతాయి. విప్పనివ్వకు" అంది ఆమె.

నాలుగుకు ఆరు నిమిషాలుండగా అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. రసీదు ఫోటో. మాట లేదు. తర్వాత తెలిసింది, గుమాస్తా మొదటి పేజీ చూశాడట, ఆఖరి పేజీ చూశాడట, ముద్ర వేశాడట. మధ్యలో పేకముక్కలు పెట్టి కుట్టినా వాడికి పట్టదు.

ఐదు గంటలకు మళ్ళీ వీధి దాటాను. ఆమె బల్ల మీద ఎండిన జిగురు గోకుతోంది.

"ఆ ప్రశ్నపత్రం" అన్నాను. "నువ్వు వెళ్ళిపోయాక ఆ సాయంత్రం నేను ఫాంటు మార్చాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"అక్క చెప్పింది. నన్ను పంపించిన వారానికి, మీరు ఎక్కడికో వెళ్ళినప్పుడు పాత ఫైలు తీసి ఫాంటు మార్చి చూసిందట. తోకలు రాలిపోయాయట. అదే రోజు మా ఇంటికి వచ్చి చెప్పింది."

ఏడేళ్ళు. నా పక్కన పీట మీద కూర్చుని ఏడేళ్ళు చదివింది, ఈ మాట ఒక్కటి చదవలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగాను. 'చెబితే ఒప్పుకోడే, ఇంకో కారణం వెతికి మళ్ళీ నీ మీదే పెడతాడు, అప్పుడు నేను ఆయనతో కాపురం చేయలేను' అంది."

నేను అలాగే చేసేవాణ్ణి. చచ్చినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదంటారు. నాకు వచ్చింది. ఆమె మీద కొంత, మిగతాది ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"క్షమించమని అడగడానికి వచ్చారా?" అంది.

"లేదు. తప్పు నాదని చెప్పడానికి."

"నాకు చెప్పి ఏం లాభం? నాకు ముందే తెలుసు. మీరు ఆ కాలేజీకి ఉత్తరం రాసి ఇచ్చారు, ఫలానా టైపిస్టు నిర్లక్ష్యమని. నా పేరుతో. దాని తర్వాత ఈ ఊళ్ళో ఎవరూ నన్ను కీబోర్డు ముట్టుకోనివ్వలేదు. ఇవాళ పొద్దున ముట్టుకున్నాను, తొమ్మిదేళ్ళకి." గోకడం ఆపి వేళ్ళు చూసుకుంది. "వాళ్ళకి చెప్పండి."

షాపుకు వచ్చి ఉత్తరం కొట్టాను. ప్రిన్సిపాల్ గారికి. తొమ్మిదేళ్ళ కిందటి ప్రశ్నపత్రంలో జరిగిన పొరపాటుకు మా టైపిస్టు కారణం కాదని, ఫాంటు మార్చడం వల్ల మ్యూ గుర్తులు ఎమ్‌లుగా మారిపోయాయని, అందుకు చింతిస్తున్నామని. పీట వైపు తిరిగి పైకి ఒకసారి చదువుకున్నాను. మ్యూ దగ్గర ఆగి చూశాను. తోక ఉంది.

తీసుకెళ్ళి ఆమెకు ఇచ్చాను. దీపం కిందికి జరిగి, చెవి మీది పెన్సిలు తీసి, మాట మాటకూ మొన ఆనిస్తూ చదివింది. రెండో వరుసలో ఒక చోట సున్న చుట్టి వెనక్కి ఇచ్చింది.

"ఫాంటు మార్చడం వల్ల అని రాశారు. అది దానంతటదే మారిందా? ఎవరు మార్చారో రాయండి."

వెనక్కి వచ్చి మళ్ళీ కొట్టాను.